ఎడమ అంచు నుంచి

పోయిన వారం బొత్తాంని షాపు వెనక గదిలో వదిలేసి వచ్చాం. ఆల్టరేషన్‌కి వచ్చిన ప్యాంట్ల మూట మీద కూర్చుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని ఉంది. తెర మీద ఒకటే ప్రశ్న: 'ఈ బ్లాగును శాశ్వతంగా తొలగించాలా?' కింద రెండు గడులు. బొటనవేలు 'అవును' మీద వాలడానికి వెంట్రుకవాసి దూరంలో ఉండగా ముందు గదిలోంచి పెద్దమ్మ పిలిచింది.

"బొత్తాం! ఆ ఫోను పట్టుకుని ఇలా రా."

పెద్దమ్మ కేకలు వేస్తే ఆ షాపులో ఎవరికీ భయం లేదు. రోజుకి యాభైసార్లు వేస్తుంది. ఈసారి మామూలు గొంతుతో పిలిచింది. అందుకే బొత్తాం గబుక్కున లేచింది.

మధ్యలో వచ్చి చదువుతున్నవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. బొత్తాం అసలు పేరు ఇంట్లోవాళ్ళే మరిచిపోయారు. మూడేళ్ళప్పుడు ఈ షాపులోనే కోటు బొత్తాం ఒకటి మింగేసింది. రెండు రోజులు ఇంటిల్లిపాదీ పనులు మానుకుని దాని కోసం ఎదురుచూశారు. బొత్తాం బయటపడింది గానీ పేరు మాత్రం ఉండిపోయింది. ఇప్పుడు ఇరవై అయిదేళ్ళు. పెద్దమ్మ దగ్గరే ఉంటూ, పెద్దమ్మ షాపులోనే కుడుతూ, మూడేళ్ళుగా 'ఊడిన బొత్తాం' అని ఒక బ్లాగు రాస్తోంది. చిరిగినవీ, ఊడినవీ, బిగుతైనవీ ఎలా బాగుచేసుకోవాలో అందులో ఉంటుంది. మొదటి ఏడాది దాన్ని చదివింది పదకొండు మంది. వాళ్ళలో ఒకరు తనే.

పోయిన వారం మొదటిసారి ఒక పోస్టు వేలమందికి చేరింది. 'అయిదు నిమిషాల్లో అంచు కుట్టు' అని దాని పేరు. చేరినంత వేగంగానే తిట్లూ వచ్చాయి. నలభై మూడు వ్యాఖ్యలు. నువ్వు చెప్పినట్టు చేస్తే కుట్టు పడటం లేదు, రాకపోతే రాయడమెందుకు, అంతా తలకిందులు. ఇరవై దాకా చదివేసరికి బొత్తాంకి కళ్ళు మసకబారాయి. ఆ తర్వాతే ఆ ప్రశ్న, ఆ రెండు గడులు.

ఏ గడీ నొక్కకుండానే ముందు గదిలోకి వచ్చింది.

పొడుగాటి కటింగు బల్ల. దానికి అటువైపు ఎత్తు స్టూలు మీద పెద్దమ్మ. మెడలో టేపు, చేతిలో సుద్దముక్క. బల్ల మీద ఊదారంగు కోటు ఒకటి, చెయ్యి బార్లా చాపి పడుకుని ఉంది. ఆ చేతి అంచు చూడగానే బొత్తాంకి సంగతి సగం అర్థమైంది. అంచంతా ముడతలు పడి, దారం ఉండలు కట్టి, ఎవరో కసి తీరా నలిపినట్టుంది.

పక్కన నిలబడింది కళ్ళద్దాల షాపు ఆవిడ. నాలుగు షాపుల అవతల ఉంటుంది.

"చూడమ్మా, నీ మీద కోపంతో రాలేదు," అంది కోపంగా. "నువ్వు రాసినట్టే చేశాను. అక్షరం పొల్లుపోలేదు. ఎడమ అంచు నుంచి మొదలుపెట్టమన్నావు, పెట్టాను. సూది మొన కుడివైపు చూడాలన్నావు, చూపించాను. నా మణికట్టు మెలికపడింది గానీ కుట్టు మాత్రం పడలేదు. మా ఆయన చూసి, 'ఇది కోటు చెయ్యా, నమిలేసిన గొట్టమా' అన్నాడు."

మూల నుంచి ఫక్కున నవ్వు వినిపించింది. అక్కడ ఇస్త్రీ చేసే బాబాయి ఉన్నాడు. బాబాయంటే చుట్టం కాదు. బొత్తాం పుట్టకముందు నుంచీ ఆ మూలలో ఇస్త్రీ పెట్టెతో ఉన్నాడు కాబట్టి బాబాయి అయ్యాడు.

"బాబాయ్, నవ్వకు."

"నవ్వలేదమ్మా. ఆవిరి."

పెద్దమ్మ నవ్వలేదు. "కోటు సంగతి తర్వాత చూద్దాం. ఆ రాతలో చివర నా గురించి ఏదో రాశావట. ఏమిటది?"

బొత్తాం తలదించుకుంది. "'ఇది మా పెద్దమ్మ నేర్పిన పద్ధతి' అని."

"దాని కింద ఎవరో ఏదో అన్నారట. చదువు."

"వద్దులే పెద్దమ్మా."

"మరిదిగారూ, మీరు చదవండి."

ఇస్త్రీ బాబాయి పెట్టె నిలబెట్టి, చేతులు తుడుచుకుని ఫోను అందుకున్నాడు. అతనికి చదవడమంటే సరదా. పొట్లం కట్టిన కాగితం కూడా చదవకుండా పారెయ్యడు. వేలితో కిందికి జరుపుతూ వెళ్ళి ఒకచోట ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. తర్వాత, చదవాలా అన్నట్టు పెద్దమ్మ వైపు చూశాడు.

"చదవండి."

"'ఇంత తప్పు నేర్పిన ఆ పెద్దమ్మ ఎవరోగానీ, ఆవిడ చేతికి సూది అందకుండా దాచండి.' పక్కన నవ్వే బొమ్మలు మూడు ఉన్నాయి వదినా."

"బొమ్మలు కూడా చెప్పాలా?"

"ఉన్నవి చెప్పాను."

పెద్దమ్మ చేతిలో సుద్దముక్క చిట్లింది. రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి, అవి అతుక్కుంటాయేమో అన్నట్టు కాసేపు చూసింది.

"ముప్పై ఒక్క ఏళ్ళు," అంది నెమ్మదిగా. "ఈ వీధిలో కోటు తొడుక్కునేవాళ్ళలో సగం మంది నా కుట్టు వేసుకుని తిరుగుతున్నారు. ఒక్కరు కూడా నా చేతిలోంచి సూది లాక్కోమనలేదు. నువ్వు నా పేరు పెట్టి రాసి ఆ మాట అనిపించావు."

"తీసేస్తున్నాను పెద్దమ్మా. పోస్టు ఒక్కటే కాదు, మొత్తం. ఇందాక అదే చెయ్యబోతున్నాను, నువ్వు పిలిచావు."

"తీసేస్తే? తప్పు నాదేనని సంతకం పెట్టినట్టు కాదూ?"

ఇప్పటిదాకా బొత్తాం, పోయేది తన బ్లాగొక్కటే అనుకుంది. మూడేళ్ళ రాత పోతే పోయింది, ఏడ్చి ఊరుకోవచ్చు. కానీ పెద్దమ్మ పేరు ఊడితే దాన్ని మళ్ళీ కుట్టి పెట్టే పోస్టు ఏదీ లేదు.

"ఒకటి చెప్పు," అంది పెద్దమ్మ. "నేను నీకు ఎడమ నుంచి కుట్టమని నేర్పానా?"

"నువ్వే నేర్పావు."

"నేనా?"

"నువ్వే. రోజూ చూస్తూనే ఉన్నాను కదా. ఎడమ నుంచే మొదలుపెడతావు."

"నా మొహం! ముప్పై ఏళ్ళలో ఒక్క అంచు ఎడమ నుంచి కుట్టలేదే నేను. కుడి నుంచే. ఎప్పుడూ కుడి నుంచే."

"కాదు పెద్దమ్మా. నీ ఎదురుగా కూర్చుని చూసేది నేను."

"కుట్టేది నేను!"

కళ్ళద్దాల షాపు ఆవిడ కోటు సంగతి మరిచిపోయి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. షాపు వదిలేసి వచ్చానన్న తొందర ఆమె మొహంలో ఇప్పుడు లేదు.

ఇస్త్రీ బాబాయికి గొడవలు పడవు. గొడవ వస్తే ఏదో ఒకటి సర్దుతాడు. ఇప్పుడు మేకుకి వేలాడుతున్న ఖాకీ కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. చొక్కా నమూనాలు, కాలరు నమూనాలు, ప్యాంటు జేబుల నమూనాలు. వాటి మధ్య ఒక కాగితం తీసి వెలుతురులో పెట్టి చూశాడు.

"వదినా, ఇందులో కొలతలు లేవే. ఏదో రాసుంది. 'రోజుకొక పోస్టు. ఆరు నెలల్లో పదివేల మంది. అందరికీ పనికొచ్చేలా...'"

"బాబాయ్!" బొత్తాం కాగితం లాక్కోబోయింది. బల్ల అడ్డం వచ్చింది.

అది ఆమె లక్ష్యాల కాగితం. బ్లాగులు రాసి పైకొచ్చినవాళ్ళంతా ముందు లక్ష్యం పెట్టుకోమన్నారు. అందుకని ఆరు నెలల కిందట, కాలరు నమూనా గీయగా మిగిలిన ముక్క మీద రాసుకుంది. ఎవరూ చూడరని ఆ కట్టలో దాచుకుంది. ఆ కాగితం పుట్టాకే పోస్టుల పేర్లు మారాయి. అంతకుముందు 'బస్సు డ్రైవరు కోటుకి నాలుగో బొత్తాం ఎందుకు ఊడుతుంది' లాంటివి రాసేది. స్టీరింగు చక్రానికి రాసుకుని ఊడుతుందని కనిపెట్టి, దాన్ని రెండు వేళ్ళంత పైకి జరిపి కుట్టింది. ఆ పోస్టుని తొమ్మిది మంది చదివారు. ఆ రోజు బొత్తాం కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇప్పుడు వేలమంది చదివారు, ప్యాంట్ల మూట మీద కూర్చుని ఏడ్చింది.

పెద్దమ్మ కాగితం తీసుకుని కళ్ళద్దాలు పెట్టుకుంది. ప్రతి పంక్తినీ టేపు పెట్టి కొలిచినట్టు చదివింది.

"'అందరికీ' అని రాశావు."

"అవును."

"'అందరూ' అనే మనిషి నడుము కొలతెంత?"

"పెద్దమ్మా..."

"వేళాకోళం కాదే. అడుగుతున్నాను. ఛాతీ ఎంత, చెయ్యి పొడవెంత? ఎవరైనా బట్ట తెచ్చి బల్ల మీద పడేసి 'కుట్టండి' అంటే నేనేమంటాను?"

బొత్తాంకి ఆ మాట నిద్రలో కూడా వచ్చు. "'ఎవరికి?' అంటావు."

"చెప్పకపోతే?"

"కత్తెర ముట్టుకోవు."

"మరి పదివేల మందికని కత్తెర వేశావు. ఆ పదివేలలో ఒక్క మనిషి మొహం చెప్పు, ఎవరు వాళ్ళు?"

బొత్తాం నోరు తెరిచింది. ఏ మొహమూ రాలేదు. అంకె ఒక్కటే వచ్చింది.

పెద్దమ్మ కాగితాన్ని మడిచి కోటు పక్కన పెట్టింది. గొంతు కొంచెం మెత్తబడింది. "సరే. దబాయించుకోవడం ఎందుకు? కూర్చో. ఇద్దరం కుడదాం. నేను ఎటు నుంచి కుడతానో ఈవిడ చెబుతుంది. సాక్షి మీరేనమ్మా."

"నాకు నా కోటు చెయ్యి కావాలి," అంది కళ్ళద్దాల ఆవిడ. అంటూనే కుర్చీ లాక్కుని కూర్చుంది.

బొత్తాం తన చోట కూర్చుంది. ఆ షాపులో పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళంతా పెద్దమ్మ పక్కన బెంచీ మీద కూర్చుంటారు. బొత్తాం ఒక్కదానికే బల్లకి ఇటువైపు, పెద్దమ్మకి సరిగ్గా ఎదురుగా, పొట్టి స్టూలు. ఆరేళ్ళ వయసు నుంచీ అదే. ముద్దు చేసి ఎదురుగా కూర్చోబెట్టుకుందని మిగతావాళ్ళు ఉడుక్కునేవాళ్ళు. బొత్తాం కూడా అలాగే అనుకునేది.

పెద్దమ్మ రెండు గుడ్డముక్కలు మడత పెట్టి, ఒకటి తన ముందు, ఒకటి బొత్తాం ముందు వేసింది. ఇద్దరూ దారం ఎక్కించారు. పెద్దమ్మ "ఊఁ" అంది.

మొదలైంది. రెండు సూదులు కిటికీ వైపు నుంచి బయలుదేరి గోడ వైపు నడిచాయి. మడతలో ఒక చిన్న పట్టు, బట్టలో ఒక్క పోగు, మళ్ళీ మడత. పందొమ్మిదేళ్ళుగా ఎదురెదురుగా కుట్టిన చేతులు కదా, చూడకుండానే ఒకదానికొకటి తాళం వేసుకున్నాయి. పెద్దమ్మ సూది మునిగితే బొత్తాం సూది మునిగింది. ఇది తేలితే అది తేలింది. ఇస్త్రీ పెట్టె బుస కొట్టడం తప్ప గదిలో చప్పుడు లేదు. కుట్టు మాత్రం పైకి కనిపించకుండా, నీటిలో చేపలా వెళ్ళిపోయింది.

"చూశారా?" అంది పెద్దమ్మ సూది ఆపకుండా. "కుడి నుంచి."

"చూశారా?" అంది బొత్తాం. "ఎడమ నుంచి."

కళ్ళద్దాల షాపు ఆవిడ ఇద్దరి మధ్యకీ వంగింది. రోజంతా మనుషుల కళ్ళల్లోకి చూసే పని ఆమెది. దేన్నయినా దగ్గరగా చూడటం అలవాటు. పెద్దమ్మ చేతిని చూసింది. బొత్తాం చేతిని చూసింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"అక్కా," అంది, "మీ అమ్మాయి ఎడమ చేత్తో కుడుతోంది."

రెండు సూదులూ ఆగిపోయాయి.

బొత్తాం తన చేతిని చూసుకుంది. ఎవరిదో చెయ్యి బల్ల మీద దొరికినట్టు చూసుకుంది. సూది ఎడమ చేతిలో ఉంది. ఉంటుంది మరి, ఎప్పుడూ అక్కడే ఉంటుంది. మెట్లెక్కేటప్పుడు ముందు ఏ కాలు వేస్తావని అడిగితే నిలబడి ఆలోచించాలి కదా, ఇదీ అంతే. బడిలో పంతులమ్మ మొదటి వారమే బలపాన్ని కుడిచేతికి మార్పించింది. అప్పటి నుంచి రాత కుడిచేత్తో. అందరిలాగే తనూ కుడిచేతి మనిషే అనుకుని పెరిగింది. సూదీ కత్తెరా మాత్రం ఎవరినీ అడగకుండా రెండో చేతిలోనే ఉండిపోయాయి.

"అయ్యో రామా!" ఇస్త్రీ బాబాయి నెత్తి మీద చెయ్యి వేసుకున్నాడు. "రోజూ చూస్తున్నాను! పందొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను! గోడ గడియారం ఏ రంగంటే చెప్పలేనట్టు, ఇదీ కనపడలేదు."

"ఏ రంగు?" అంది కళ్ళద్దాల ఆవిడ.

అతను తల తిప్పబోయి ఆపుకున్నాడు. "ఆకుపచ్చ?"

గడియారం నల్లది.

ఈసారి పెద్దమ్మ కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే రెండు చేతులతో మొహం కప్పుకుంది. చేతులు తీసేటప్పటికి కళ్ళు తడిగా ఉన్నాయి.

"నేనే చేశానే ఇది," అంది. "ఆరేళ్ళ పిల్లవి. సూది ఇస్తే ఎడమ చేత్తో అందుకున్నావు. పక్కన కూర్చోబెట్టి నేర్పితే నీకు అంతా తిరగబడుతుంది. ఎదురుగా కూర్చోబెడితే అద్దంలో చూసినట్టు నేర్చుకుంటావు. అందుకే ఆ పాత స్టూలు వేశాను. వేసి, ఎందుకు వేశానో నేనే మరిచిపోయాను. నీకు చెప్పనేలేదు."

"అంటే నేను రాసింది తప్పు కాదా?"

"అద్దంలో తప్పేముంది? ఎదురుగా నిలబడ్డ మనిషిని బట్టి ఉంటుంది."

బొత్తాంకి ఇంకో సంగతి తట్టింది. పోస్టుల్లో ఎప్పుడూ బట్ట ఫోటోలే పెట్టింది, చేతులు పెట్టలేదు. సూదిపోట్లతో నల్లబడ్డ వేళ్ళు బాగుండవని ఫోటో తీసే ముందు చేతులు పక్కకి జరిపేది. ఒక్క ఫోటోలో ఆ చెయ్యి పడి ఉంటే నలభై మూడు మందిలో మొదటివాళ్ళే చెప్పేసేవాళ్ళు.

నలభై మూడు. ఆమె ఫోను అందుకుంది. తొలగించాలా అన్న ప్రశ్న ఇంకా అలాగే ఎదురుచూస్తోంది. ప్రస్తుతానికి 'వద్దు' నొక్కి, వ్యాఖ్యలు తెరిచింది. ఇందాక ఇరవై దగ్గర కళ్ళు మసకబారి ఆపేసింది. మిగతావి ఇప్పుడు మొదటిసారి చదివింది.

ఇరవై ఆరోది ఎవరో అమ్మ రాసింది: 'నాకు రావడం లేదు గానీ పన్నెండేళ్ళ మా అమ్మాయికి చక్కగా వచ్చేసింది. విచిత్రం.'

ముప్పై అయిదోది: 'వంటశాలలో పనిచేస్తాను. ఏప్రన్ నేనే కుట్టుకున్నాను. ఎవరి సాయమూ లేకుండా కుట్టడం ఇదే మొదలు. మా వాళ్ళు నా చేతికి సూది తిరగదని నవ్వేవాళ్ళు.'

చివరిది 'పాత దారం' అనే పేరుతో ఉంది. ఆ పేరు బొత్తాంకి బాగా తెలుసు. మొదటి పదకొండు మందిలో ఒకరు. మూడేళ్ళుగా ప్రతి పోస్టు కిందా ఒక్క వాక్యం పెట్టి వెళ్ళిపోతారు. ఆడో మగో తెలియదు. ఇవాళ రాసిన వాక్యం: 'నాకు మొదటిసారే కుదిరింది. ఇన్నేళ్ళకి ఎవరో నా వైపు నుంచి చెప్పారు.'

బొత్తాం దాన్ని పైకి చదివింది.

"ముగ్గురు," అంది. "నలభై మూడు మందిలో ముగ్గురు."

"ముగ్గురంటే తక్కువా?" అంది పెద్దమ్మ. "ముగ్గురి కొలతలు చేతిలో ఉంటే నాకు వారం రోజుల పని."

కళ్ళద్దాల ఆవిడ గొంతు సవరించుకుంది. "నలభై మంది తిట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. పద్దెనిమిదోది నాదే. ఇప్పుడు తీసెయ్యనా?"

"వద్దు పిన్నిగారూ, ఉంచండి," అంది బొత్తాం. "మీరు తిట్టకపోతే ఇది తెలిసేది కాదు."

ఆ తర్వాత గంటసేపు ఆ షాపులో ఎవరూ పని చెయ్యలేదు. లేదా, అందరూ ఒకటే పని చేశారు. బొత్తాం ఖాకీ కాగితాన్ని తిరగేసి, ఖాళీగా ఉన్న వైపు రాయడం మొదలుపెట్టింది. ఒక పంక్తి రాసి కొట్టేసింది, ఇంకోటి రాసి కొట్టేసింది. 'ఎడమచేతి వాళ్ళకి కుట్టుపని' అని రాస్తే పెద్దమ్మ పెదవి విరిచింది. "బోర్డులా ఉంది. మనిషి ఏడీ?" బొత్తాం కలం ఆపి, ముప్పై అయిదో వ్యాఖ్య మనిషిని తలుచుకుంది. వంటశాల గోడకి ఆనుకుని, భోజనాల వేళ దాటాక, నాలుక బయటపెట్టి ఏప్రన్ కుట్టుకుంటున్నట్టు. మొహం తెలియకపోయినా చెయ్యి కనిపించింది. అప్పుడు రాసింది:

'నీ చేతికి సూది తిరగదని ఎవరైనా అన్నారా? వచ్చి నా ఎదురుగా కూర్చో.'

పెద్దమ్మ చదివి కాగితం వెనక్కి ఇచ్చేసింది. బాగుంటే ఆమె ఏమీ అనదు.

పోస్టుకి పైన నాలుగు పంక్తులు చేర్చారు. ఇది ఎడమ చేత్తో కుట్టేవాళ్ళ పద్ధతి. కుడిచేతివాళ్ళు కుడి అంచు నుంచి మొదలుపెట్టి, సూది మొనని ఎడమకి తిప్పుకోవాలి. చెప్పకపోవడం నా పొరపాటు. మా పెద్దమ్మ చేతిలో సూది పదిలంగానే ఉంది. చివరి ముక్క ఇస్త్రీ బాబాయి పట్టుబట్టి పెట్టించాడు. నవ్వే బొమ్మలు మూడు పెట్టాలని కూడా అన్నాడు గానీ ఎవరూ వినలేదు. ఫోటో అతనే తీశాడు. బట్ట మీద బొత్తాం ఎడమ చెయ్యి, సూదిపోట్ల వేళ్ళతో సహా. వేళ్ళు దాచుకోబోతే, "ఉంచమ్మా, ఇన్ని పోట్లు పడితే గానీ చెప్పే హక్కు రాదు," అన్నాడు.

కళ్ళద్దాల ఆవిడ కోటు చేతిని పెద్దమ్మ తను కుట్టివ్వలేదు. కుట్టు విప్పదీసి ఆమె ముందే పెట్టింది. ఆవిడే పెద్దమ్మ పక్కన బెంచీ మీద కూర్చుని, కుడి అంచు నుంచి, గొణుక్కుంటూ, చివరిదాకా కుట్టుకుంది. అయిపోయాక కోటు తొడుక్కుని, చెయ్యి పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుని, మొగుడికి చూపించడానికి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

కుట్టు విప్పేటప్పుడు దారం ముడి ఒకటి మొరాయించింది. బొత్తాం అలవాటుగా తన కత్తెర తీసింది. నల్ల పిడి కత్తెర, బరువైనది. బొటనవేలు పెట్టే కన్నానికి ఎర్ర దారం గట్టిగా చుట్టి ఉంటుంది, వేలు ఒరుసుకోకుండా. షాపులో ఇంకెవరు పట్టుకున్నా అది బట్టని కొయ్యదు, నములుతుంది. మొద్దుబారిందని ఇస్త్రీ బాబాయి ఎప్పుడూ వెక్కిరించేవాడు. బొత్తాం చేతిలో మాత్రం వెన్నలో దిగినట్టు దిగుతుంది. ఇవాళ మొదటిసారి దాని కోసే అలుగులు రెంటినీ వెలుతురులో పెట్టి చూసింది. మిగతా కత్తెర్లలో పైన ఉండే అలుగు, దీనిలో కింద ఉంది.

"పెద్దమ్మా, ఇది ఎడమచేతి కత్తెర!"

"ఊఁ."

"నాకోసం కొన్నావా?"

పెద్దమ్మ గుడ్డపీలికలు ఏరుతోంది. "నువ్వు రాకముందు నుంచే ఉంది," అంది.

"మరి ఎవరిది? ఎదురుగా కూర్చోబెట్టి నేర్పాలని నీకు మాత్రం ఎలా తెలుసు?"

పీలికలన్నీ ఏరడం అయిపోయినా పెద్దమ్మ ఏరుతూనే ఉంది. మూలలో ఇస్త్రీ బాబాయి, ఎప్పుడూ మాట దొరికితే వదలనివాడు, ఒకే చొక్కా కాలరుని మూడోసారి రుద్దుతున్నాడు.

అడిగింది చాలనుకుంది బొత్తాం. పెద్దమ్మ మాట కూడా కుట్టులాంటిదే, లాగితే తెగుతుంది. ఫోను తీసుకుని, బ్లాగులో సందేశాల పెట్టె తెరిచి, 'పాత దారం'కి మొదటిసారి తనంతట తను రాసింది: 'మీరు కూడా ఎడమ చేత్తో కుడతారా? నేను కుడతానని నాకు ఇవాళే తెలిసింది. ఇకమీద మీలాంటివాళ్ళ కోసమే రాయాలనుకుంటున్నాను. ముందు ఏది కావాలి?'

జవాబు రావడానికి ఒక ప్యాంటు అంచు కుట్టేంత సేపు పట్టింది.

'బొత్తాలకి కాజాలు ఎలా కుట్టాలో రాయండి. ఎడమ చేత్తో కాజా కుట్టడం నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు. అది నేర్చుకునే లోపే వచ్చేశాను.' కాస్త ఆగి, ఇంకొకటి: 'ఒకటి అడగొచ్చా? నల్ల పిడి కత్తెరకి ఎర్ర దారం ఇంకా ఉందా, ఊడిపోయిందా?'

బొత్తాం రెండుసార్లు చదివింది. మూడేళ్ళలో రాసిన పోస్టులన్నీ మనసులో తిరగేసింది. కత్తెర గురించి ఆమె ఎక్కడా, ఒక్క అక్షరం కూడా రాయలేదు.

"పెద్దమ్మా," అని ఫోను బల్ల మీద పెట్టి అటువైపు జరిపింది.

పెద్దమ్మ కళ్ళద్దాలు పెట్టుకుంది. చదివింది. చెయ్యి చాచి కత్తెర అందుకుని, ఎర్ర దారం మీద బొటనవేలు ఆనించి, అలాగే ఉండిపోయింది. బాబాయి ఇస్త్రీ పెట్టె స్విచ్ ఆపేశాడు. ఆ చిన్న చప్పుడు గది అంతా వినిపించింది.

"ఏమని రాయను?" అంది బొత్తాం. "ఉందని రాయనా?"

"నువ్వు రాయకు." పెద్దమ్మ ఫోనుని తన వైపు తిప్పుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఫోనులో ఒక్క ముక్క రాయని మనిషి. "అక్షరాలు ఎక్కడ నొక్కాలో చూపించు."

బొత్తాం చూపించింది. పెద్దమ్మ ఒక్క వేలితో, ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుని, గుండుసూది గుచ్చినట్టు నొక్కుతూ పోయింది. బొత్తాం బల్ల చుట్టూ తిరిగి వచ్చి, జీవితంలో మొదటిసారి పెద్దమ్మ పక్కన బెంచీ మీద కూర్చుని, ఆమె భుజం మీదుగా చదివింది.

'దారం ఉంది. నీ స్టూలు కూడా అక్కడే ఉంది. ఆ రోజు కాజా సగంలో వదిలేసి ఎందుకు వెళ్ళిపోయావే?'

పంపే గుర్తు ఏదో పెద్దమ్మ అడగలేదు. తనే కనిపెట్టి నొక్కేసింది.

అవతల ఎవరో రాస్తున్నట్టు తెర మీద మూడు చుక్కలు కదిలాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి.